పీజీలో చేరిన మీకు: స్కాలర్‌షిప్ ఆగకుండా, సర్టిఫికెట్ చేతికొచ్చే దాకా తెలిసి ఉండాల్సిన నియమాలు

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వచ్చే విద్యార్థుల అర్జీల్లో ఎక్కువగా కనిపించే మాట ఒకటే: ‘సార్, మా డబ్బులు పడలేదు.’ అర్జీ తీసుకుని వెనక్కి వెళ్లి చూస్తే చాలాసార్లు బ్యాంకులో లోపం ఉండదు, సచివాలయంలో లోపం ఉండదు. హాజరు తగ్గి ఉంటుంది. లేదంటే సీటు స్పాట్‌లో వచ్చి ఉంటుంది. ఇంకొన్నిసార్లు సెకండియర్ రెన్యువల్ జరిగి ఉండదు. అంటే సమస్య పథకంలో కన్నా చదువు నిబంధనల్లోనే మొదలైంది. ఆ నిబంధనల పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంటుంది, యాభై పేజీలుంటుంది, ఎవరూ చదవరు. అందుకే ఈ పాఠం. ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల్లో ఎంఏ, ఎంకాం, ఎమ్మెస్సీ, ఎంబీఏ, ఎంసీఏ లాంటి కోర్సుల్లో ఉన్నవారూ, చేరబోతున్నవారూ ఒకసారి పూర్తిగా చదవండి. అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించండి. ఫీజు బాధ వాళ్లదే కదా.

ముందు పేరు విషయం. ఇదివరకు జగనన్న విద్యా దీవెన, వసతి దీవెన అని పిలిచిన పథకాలనే 2024 జూన్ నుంచి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అంటున్నారు. కాలేజీ ఫీజుకు ఇచ్చేది ఆర్‌టీఎఫ్, హాస్టల్, భోజనం ఖర్చులకు ఇచ్చేది ఎంటీఎఫ్. పేరు మారింది కాబట్టి మళ్లీ కొత్తగా అప్లికేషన్ పెట్టాలని ఎవరైనా డబ్బులు అడిగితే నమ్మకండి. దరఖాస్తు జ్ఞానభూమి పోర్టల్‌లో మీ కాలేజీ ద్వారానే వెళుతుంది. మీ గ్రామ, వార్డు సచివాలయంలో వెరిఫికేషన్ జరుగుతుంది.

చేరేముందే చూసుకోవాల్సినవి

కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలన్నది మీలో చాలామందికి తెలుసు. భూమి పరిమితి కూడా తెలుసు: మాగాణి 10 ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు, రెండూ కలిపినా 25 ఎకరాల లోపే. వీటి గురించి సచివాలయంలో చెబుతారు. అక్కడ చెప్పనివీ, కాలేజీ వాళ్లు కూడా అడిగితే తప్ప చెప్పనివీ ఇంకో మూడు ఉన్నాయి.

మొదటిది, సీటు ఎలా వచ్చిందన్నది. ఎంఏ, ఎమ్మెస్సీ, ఎంకాం సీట్లకు 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే పరీక్ష, ఏపీ పీజీసెట్. ఎంబీఏ, ఎంసీఏలకు ఐసెట్. ఈ కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే పథకం. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్లకు వర్తించదు. దూరవిద్యకూ వర్తించదు. కౌన్సెలింగ్ అయిపోయాక ‘సీట్లు మిగిలాయి, రండి, స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం’ అని ఫోన్ వస్తే, ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసివ్వరు.

రెండోది, కాలేజీ ఎవరిదన్నది. 2020 డిసెంబరు 25న వచ్చిన జీవో 77 ప్రకారం 2020-21 విద్యా సంవత్సరం నుంచి ప్రైవేటు కాలేజీల్లో చేరిన పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకుండా పోయింది. యూనివర్సిటీ, ప్రభుత్వ కాలేజీల పీజీ విద్యార్థులకే మిగిలింది. దీని మీద విద్యార్థి సంఘాలు చాలాకాలంగా ఆందోళన చేస్తున్నాయి. మీరు చేరే ఏడాది అమల్లో ఉన్న ఉత్తర్వు ఏమిటో జిల్లా సాంఘిక సంక్షేమ, బీసీ సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి, ఆ తర్వాతే ఆప్షన్లు పెట్టుకోండి. డిగ్రీ అదే ప్రైవేటు కాలేజీలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే చదివాం కదా, పీజీకి కూడా వస్తుందిలే అనుకుని చేరడం విజయవాడలో మామూలుగా జరిగే పొరపాటు. రుద్రవరంలోని కృష్ణా యూనివర్సిటీ క్యాంపస్‌లో, నూజివీడు పీజీ క్యాంపస్‌లో, నాగార్జున యూనివర్సిటీలో సీటు వచ్చే ర్యాంకు ఉండీ, బస్సు దూరమని వదులుకుని ఇంటి దగ్గర కాలేజీలో చేరితే రెండేళ్ల ఫీజు నెత్తిన పడుతుంది.

మూడోది, ఇది ఎన్నో చదువన్నది. ఒక ఎంఏ పూర్తిచేసి ఇంకో సబ్జెక్టులో మళ్లీ ఎంఏ చేస్తే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ రాదు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022 ఏప్రిల్‌లో అనుమతించిన మాట నిజమే. అయితే అది చదువుకోవడానికి ఇచ్చిన అనుమతి, రెండు స్కాలర్‌షిప్పులకు ఇచ్చింది కాదు.

హాజరు: ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు

హాజరును ఇద్దరు చూస్తారు. యూనివర్సిటీ చూస్తుంది, మిమ్మల్ని పరీక్షకు కూర్చోనివ్వాలా వద్దా అని. పథకం చూస్తుంది, మీ ఫీజు విడుదల చేయాలా వద్దా అని. రెండుచోట్లా అంకె 75 శాతమే. కానీ తగ్గినప్పుడు ఇద్దరూ ఒకేలా ఉండరు.

యూనివర్సిటీల్లో సాధారణంగా 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవారికి ఆరోగ్య కారణాల మీద కండొనేషన్ ఇస్తారు. డాక్టర్ సర్టిఫికెట్ పెట్టాలి, కొంత ఫీజు కట్టాలి. 65 కన్నా తగ్గితే ఆ సెమిస్టర్‌కు డిటెన్షన్, వచ్చే ఏడాది జూనియర్లతో కలిసి మళ్లీ కూర్చోవాలి. ఇక్కడ చాలామంది ‘కండొనేషన్ కట్టేశాం, హాల్ టికెట్ వచ్చింది, ఇక స్కాలర్‌షిప్ కూడా వచ్చేసినట్టే’ అనుకుంటారు. హాల్ టికెట్ ఇచ్చింది యూనివర్సిటీ. స్కాలర్‌షిప్ లెక్కలో మాత్రం కాలేజీ జ్ఞానభూమిలో నమోదు చేసిన హాజరే ఉంటుంది, అది 75 కన్నా తక్కువైతే తక్కువే.

లెక్క వేసి చూద్దాం. సెమిస్టర్‌కు 90 పనిదినాలు అనుకోండి, యూజీసీ చెప్పేది అదే. 75 శాతం అంటే 67న్నర, అంటే 68 రోజులు రావాలి. మీ చేతిలో ఉన్న సెలవులు 22. అంతే.

నాగాయలంక నుంచి అవనిగడ్డ మీదుగా రోజూ బందరు వచ్చే అమ్మాయిని ఊహించుకోండి. వానాకాలంలో బస్సులు అందక కొన్ని రోజులు, ఇంట్లో పెళ్లికి కొన్ని రోజులు పోయాయి. 50 రోజులు గడిచేసరికి ఆమె వచ్చింది 32 రోజులు, 64 శాతం. చూస్తే భయం వేస్తుంది. కానీ మిగిలిన 40 రోజులూ మానకుండా వస్తే మొత్తం 72 రోజులవుతుంది, 80 శాతం. ఇంకా చేతిలోనే ఉంది. అదే అమ్మాయి అప్పుడు పట్టించుకోకుండా, కోతలకూ కుప్పనూర్పిళ్లకూ ఇంటి దగ్గర ఆగిపోయి, 70 రోజులు గడిచేసరికి 46 రోజులే వచ్చిందనుకోండి. శాతం 65 దాటే ఉంది, మునుపటికన్నా మెరుగ్గా కూడా కనిపిస్తుంది. కానీ మిగిలింది 20 రోజులే. అన్ని రోజులూ వచ్చినా 66 అవుతుంది, 73 శాతం. ఇక ఏం చేసినా 75 దాటదు. అందుకని శాతాన్ని మాత్రమే చూడకండి. ‘ఇంకా ఎన్ని రోజులు మిగిలాయి, నాకు ఇంకా ఎన్ని కావాలి’ అని చూడండి. నెలకోసారి డిపార్ట్‌మెంట్‌లో మీ హాజరు అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. నెల దాటాక రిజిస్టర్‌లో పొరపాటు దిద్దమంటే ఎవరూ దిద్దరు.

జబ్బు చేసి మానితే, తిరిగి వచ్చిన వారంలోనే మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చి, కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. సెమిస్టర్ ఆఖర్లో పాత తేదీలతో తెచ్చే సర్టిఫికెట్‌ను ఎవరూ గౌరవించరు. ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, క్రీడల కోసం వెళ్లేవారు వెళ్లేముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటే ఆ రోజులు హాజరుగా కలుస్తాయేమో అడగొచ్చు. వెళ్లొచ్చాక అడిగితే కష్టం.

గర్భిణులు, చంటిబిడ్డల తల్లులు చదువు మానేయాల్సిన పని లేదు. పీజీ, పరిశోధన విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు, పరీక్ష ఫీజు గడువులో సడలింపు ఇచ్చేలా నియమాలు పెట్టుకోమని 2021 డిసెంబరులో యూజీసీ అన్ని విశ్వవిద్యాలయాలకూ రాసింది. మీ యూనివర్సిటీ ఏం పెట్టుకుందో డీన్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టి అడగండి. అత్తింటివారు మానిపించారని మా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామందికి ఇలాంటి సదుపాయం ఉంటుందన్న సంగతే తెలియదు.

రెగ్యులేషన్ అంటే ఏమిటి

పక్క కాలేజీలో చదివే స్నేహితురాలు ‘మాకు ఇంటర్నల్స్ ఇన్ని మార్కులు, పాస్ మార్కు ఇంత’ అని చెబితే అది మీకు వర్తించకపోవచ్చు. విజయవాడలో ఆంధ్ర లయోలా, పీబీ సిద్ధార్థ లాంటివి అటానమస్ కాలేజీలు. సిలబస్, పరీక్షలు అవే పెట్టుకుంటాయి, డిగ్రీ మాత్రం యూనివర్సిటీ పేరు మీద వస్తుంది. పైగా ఒకే కాలేజీలో కూడా మీరు చేరిన ఏడాది రెగ్యులేషన్ మీకు, తర్వాతి బ్యాచ్ రెగ్యులేషన్ వాళ్లకు. చేరిన వారంలోనే మీ బ్యాచ్ రెగ్యులేషన్ కాపీ ఫోన్‌లో పెట్టుకోండి. అందులో నాలుగు సంగతులు వెతకండి: పాస్ కావడానికి ఎక్స్‌టర్నల్‌లో విడిగా ఎంత రావాలి, మొత్తం మీద ఎంత రావాలి, బ్యాక్‌లాగ్స్ ఉన్నా తర్వాతి సెమిస్టర్‌కు పంపుతారా, కోర్సు మొత్తం ఎన్నేళ్లలోపు పూర్తి చేయాలి. చివరిది ముఖ్యం. రెండేళ్ల కోర్సుకు ఒక గరిష్ఠ గడువు ఉంటుంది. అది దాటితే పాసైన సబ్జెక్టులూ చేజారొచ్చు. ఉద్యోగం వచ్చిందని ఒక పేపర్ వదిలేసి వెళ్లినవాళ్లు, ప్రమోషన్ కోసం పీజీ కావాల్సి వచ్చినప్పుడు ఈ గడువు చూసి తల పట్టుకుంటారు.

బ్యాక్‌లాగ్ ఉన్నంత మాత్రాన స్కాలర్‌షిప్ పోదు. పై తరగతికి ప్రమోట్ కాకపోతేనే ఆగుతుంది. డిటెయిన్ అయి ఒక ఏడాది రెండోసారి చదివితే ఆ రెండోసారి ఫీజు మీ జేబులోంచే.

రెన్యువల్ దానంతట అదే జరిగిపోతుందని అనుకోకండి. సెకండియర్‌కు వెళ్లారని కాలేజీ పోర్టల్‌లో నమోదు చేయాలి, మీ ఆధార్ ధ్రువీకరణ జరగాలి. సప్లిమెంటరీ ఫలితాలు ఆలస్యమై కాలేజీ క్లర్కు మీ పేరు పక్కన పెట్టేస్తే, మీరు అడిగేదాకా అది అక్కడే ఉంటుంది. జ్ఞానభూమిలో మీ లాగిన్‌తో స్టేటస్ మీరే చూసుకోవచ్చు, ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లక్కర్లేదు.

ఫీజు ఎవరి ఖాతాలో పడుతుంది, ఎవరు కట్టాలి

కొన్నేళ్లు తల్లి ఖాతాలో, తర్వాత తల్లీ విద్యార్థీ ఉమ్మడి ఖాతాలో ఫీజు వేశారు. 2024-25 నుంచి ఫీజు నేరుగా కాలేజీ ఖాతాకు వెళ్లే పద్ధతి మళ్లీ వచ్చింది. అయితే ఎస్సీ విద్యార్థులు ఒక తేడా గమనించాలి. 2021లో మారిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం స్కాలర్‌షిప్‌లో 60 శాతం కేంద్రం వాటా, అది విద్యార్థి సొంత ఖాతాలోనే పడుతుంది. అందులో ఫీజు భాగం కాలేజీకి కట్టాల్సింది మీరే. ‘స్కాలర్‌షిప్ వచ్చింది’ అని ఇంట్లో ఎరువుల బాకీ తీర్చేస్తే, కోర్సు చివర్లో కాలేజీ మీ పేరు మీద బకాయి చూపిస్తుంది. ఇంటి అవసరం చిన్నది కాదని తెలుసు, కానీ ఆ బకాయి దగ్గరే సర్టిఫికెట్ల గొడవ మొదలవుతుంది. కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోండి.

డబ్బు పడే ఖాతాకు ఆధార్ సీడింగ్ ఉండాలి. రెండు మూడు బ్యాంకుల్లో ఖాతాలున్నవారు ఏ ఖాతాకు లింకు అయిందో చూసుకోండి, డబ్బు దాంట్లోనే పడుతుంది. మీరు ఫారంలో రాసిన ఖాతాలో పడకపోవచ్చు.

పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, పెళ్లయ్యాక మరోలా ఉంటే యూనివర్సిటీ రికార్డుల్లో పదో తరగతి మెమో పేరే నిలుస్తుంది. చదువు మధ్యలో ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకునేవారు ఈ ఒక్కటీ ఆలోచించుకుని మార్చుకోండి.

మధ్యలో మానాల్సి వస్తే

ఇంకో చోట మంచి సీటు వచ్చిందనో, ఉద్యోగం వచ్చిందనో మానేవారుంటారు. ముందు ఒక మాట. స్కాలర్‌షిప్ తీసుకుంటూ ముందస్తు అనుమతి లేకుండా కాలేజీ గానీ సబ్జెక్టు గానీ మార్చినా, ఏడాది మధ్యలో చదువు ఆపేసినా స్కాలర్‌షిప్ రద్దు కావచ్చు, తీసుకున్నది వెనక్కి కట్టమనీ అనొచ్చు. కాబట్టి సంక్షేమ శాఖకు ఒక కాగితం పెట్టి మారండి.

సొంతంగా ఫీజు కట్టి చేరినవారికి యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ఉంది. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు గానీ అంతకన్నా ముందు గానీ మానితే ఫీజు మొత్తం తిరిగివ్వాలి, ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5 వేల రూపాయలకు మించకుండా పట్టుకోవచ్చు. చివరి తేదీకి 15 రోజుల లోపు మానితే 90 శాతం. తేదీ దాటాక 15 రోజుల లోపు 80 శాతం, 16వ రోజు నుంచి 30వ రోజు దాకా 50 శాతం. నెల దాటితే ఏమీ రాదు. కొన్ని సంవత్సరాల్లో యూజీసీ ఇంకా ఉదారంగా ప్రకటిస్తుంది. 2024-25లో సెప్టెంబరు 30 దాకా రద్దు చేసుకున్నవారికి పూర్తి ఫీజు ఇవ్వమంది. మీరు మానిన రోజుకు రుజువు మీ రాతపూర్వక దరఖాస్తే. ఫోన్‌లో చెప్పిన రోజు లెక్కలోకి రాదు.

అదే నోటిఫికేషన్‌లో ఇంకో ముఖ్యమైన మాట: చేర్చుకునేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. ఫీజు బాకీ పేరుతో గానీ, ‘మానేస్తారేమో’ అనే భయంతో గానీ ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోవడానికి వీల్లేదు. నేను పీజీ చదివే రోజుల్లో ఒక స్నేహితుడు ఇంటర్వ్యూకు డిగ్రీ మెమోల జిరాక్సులు పట్టుకుని వెళ్లి, ఒరిజినల్స్ కాలేజీ బీరువాలో ఉన్నాయని చెప్పి, బయటే నిలబడిపోయాడు. అప్పుడు అడగడానికి ఈ నోటిఫికేషన్ లేదు. ఇప్పుడు ఉంది, వాడుకోండి.

బుడమేరు నీళ్లలో పోయిన సర్టిఫికెట్లు

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ ఇళ్లల్లోకి నీళ్లు వచ్చినప్పుడు బట్టలు, బియ్యంతోపాటు చాలా ఇళ్లల్లో పిల్లల సర్టిఫికెట్ల సంచి కూడా తడిసిపోయింది. కొందరు ఇప్పటికీ డూప్లికేట్ తీసుకోలేదు. తడిసి ముద్దయిన మెమోనే ఇస్త్రీ చేసి దాచుకున్నవారున్నారు. పారేయకండి, చిరిగిన ముక్క కూడా ఆధారమే. పదో తరగతికి ప్రభుత్వ పరీక్షల విభాగం, ఇంటర్‌కు ఇంటర్మీడియట్ బోర్డు, డిగ్రీకి మీ యూనివర్సిటీ వేర్వేరుగా డూప్లికేట్లు ఇస్తాయి. పోయినవాటికి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు, నోటరీ అఫిడవిట్ అడుగుతారు. హాల్ టికెట్ నంబరు, పాసైన నెల, సంవత్సరం ఉంటే పని సగం అయినట్టే. నంబరు గుర్తులేకపోతే చదివిన బడికి వెళ్లండి, రిజిస్టర్‌లో ఉంటుంది.

డిజిలాకర్‌లో వచ్చిన మెమోకు చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానమైన విలువ ఉంది. మీరే ఫోటో తీసి అప్‌లోడ్ చేసుకున్నదానికి లేదు, సంబంధిత బోర్డు నుంచి ఆ యాప్‌లోకి వచ్చినదానికే ఉంది. ఈ తేడా గుర్తుంచుకోండి. మీ క్రెడిట్లు దాచే ఏబీసీ ఐడీ కూడా అక్కడే ఉచితంగా వస్తుంది.

కోర్సు అయిపోయాక

చివరి సెమిస్టర్ పాసవగానే ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, టీసీ, మైగ్రేషన్ తీసుకోవాలి. ఒరిజినల్ డిగ్రీ స్నాతకోత్సవంతో ముడిపడి ఉంటుంది గానీ, పాసయ్యే తేదీ నుంచి 180 రోజుల లోపు డిగ్రీ ఇవ్వాలని యూజీసీ నిబంధన. కాన్వొకేషన్ కోసం ఏళ్ల తరబడి ఆగక్కర్లేదు, రాతపూర్వకంగా అడగొచ్చు. పీహెచ్‌డీకి వెళ్లాలనుకునేవారికి: 2022 నవంబరు నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు, 40 శాతం పైన వైకల్యం ఉన్నవారికి మరో రెండేళ్లు. మహిళా స్కాలర్లకు మొత్తం మీద 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది.

ఎక్కడ అడగాలి

డబ్బు సంగతికీ చదువు సంగతికీ దారులు వేరు. రెండూ ఒకే కాగితంలో రాస్తే కాగితం రెండు ఆఫీసుల మధ్య తిరుగుతుంది.

డబ్బు పడకపోతే ముందు కాలేజీలో స్కాలర్‌షిప్ సెక్షన్, తర్వాత సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్, అక్కడా తేలకపోతే జిల్లా సంక్షేమ శాఖ, ఆపైన సోమవారం అర్జీ. సర్టిఫికెట్లు ఇవ్వకపోవడం, ఫీజు తిరిగివ్వకపోవడం, హాజరు తప్పుగా వేయడం లాంటివైతే కాలేజీలోనే విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. 2023 ఏప్రిల్‌లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం ఆ కమిటీ ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో తేల్చాలి. తేలింది మీకు నచ్చకపోతే 15 రోజుల లోపు యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆ 15 రోజులు దాటనివ్వకండి.

ఫిర్యాదు ఇచ్చేటప్పుడు రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకు, రెండో దాని మీద తేదీ, స్టాంపు వేయించుకుని మీ దగ్గర. ‘స్టాంపు వేసే మనిషి లేడు, రేపు రండి’ అంటే స్పీడ్ పోస్టులో పంపి, పోస్టాఫీసు రసీదు ఆ రెండో కాపీకి పిన్ను పెట్టుకోండి.